అందరూ చేరారు

ఫిబ్రవరి 22, మధ్యాహ్నం

మరదలు పిల్లకి,

నువ్వు సైకిలెక్కి వెళ్ళి మూడు రోజులైంది. మీ అన్నయ్య కొట్లో గోడకున్న మ్యాపు ముందు నిలబడి రోజుకు నాలుగుసార్లు నీ దారి వేలితో కొలుస్తున్నాడు. నువ్విచ్చి వెళ్ళిన మజిలీల జాబితా నా కుట్టుమిషను మీదే అంటించుకున్నాను. ఈ ఉత్తరం మూడో మజిలీ పోస్టాఫీసులో నీ కోసం కాచుకుని ఉంటుంది. లైబ్రరీలో పుస్తకాలకు బైండింగు చేసి చేసి నీ నడుము వంగిపోయిందనీ, డాక్టరు తొక్కమంటే వెళ్ళావనీ ఆయన నమ్మకం. అందుకే రెండు చక్రాలూ తనే విప్పి, తనే బిగించి ఇచ్చాడు. అసలు సంగతి తెలిస్తే ఒక్క నట్టు కూడా ముట్టుకునేవాడు కాదు.

ఈ సైకిలు యాత్ర నడిపేది కూడా పదకొండేళ్ళ కిందటి ఆ కెప్టెనేనని చెప్పినప్పుడు ఏమన్నాడో తెలుసా? "మ... మంచివాడు" అన్నాడు. ఈయనకి అందరూ మంచివాళ్ళే. కొట్టి వెళ్ళినవాడికి కూడా చెయ్యి నొప్పి పుట్టిందేమోనని అడిగే రకం.

నీకు తెలియంది కాదు. అయినా మళ్ళీ రాస్తాను. నూరినకొద్దీ కత్తికి పదును. పదకొండేళ్ళ కిందట ముప్పైనాలుగు రోజుల యాత్ర. మీ అన్నయ్య దానికి తోక. తోక అంటే అందరికన్నా వెనక వచ్చే బండి. ఎవర్నీ దాటకూడదు, ఎవరి సైకిలు ఆగినా దిగి బాగుచెయ్యాలి. ఆఖరి రోజున మాత్రం ఊరి మలుపు దగ్గర అందరూ ఆగి తోక కోసం చూడాలి. తోకే ముందుగా ఊళ్ళోకి వెళ్ళాలి, మైకు ముందు నిలబడి "అందరూ చేరారు" అని చెప్పాలి. అంతవరకు యాత్ర ముగిసినట్టు కాదు. అదీ వాళ్ళ పద్ధతి.

నాకప్పటికి పెళ్ళయి మూడు నెలలు. నా చేత్తో కుట్టుకున్న కొత్తబట్టలు వేసుకుని, యాత్ర ముగిసే కెప్టెన్ ఊరి మైదానంలో మొదటి వరసలో కూర్చున్నాను. ఇరవైరెండు మంది వచ్చారు. మా ఆయన రాలేదు. "అందరూ చేరారు" అని మైకులో కెప్టెనే చెప్పేశాడు. నేను లేచి వెళ్ళి "మా ఆయనేరీ?" అని అడిగాను. నవ్వాడు. "వస్తాడులేమ్మా, తోక కదా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. కుర్చీలు మడిచేసి, మైకు వైర్లు చుట్టేశాక, చైను తెగిన సైకిలు ఇరవై కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చాడు మీ అన్నయ్య. ఆ రోజు నుంచి మళ్ళీ సైకిలెక్కలేదు. ఊళ్ళో వాళ్ళ సైకిళ్ళన్నీ బాగుచేసి, ఇంటికి నడిచి వస్తాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నాదీ అదే ఏడుపు. వదిలేసి వచ్చినందుకు క్షమించేదాన్నేమో. ఆ నవ్వుకి క్షమాపణ లేదు.

వేళకి తిను. సీటు మీద మెత్తటి గుడ్డ వేసుకో, సంచిలో పెట్టాను.

నీ వదిన

*

మార్చి 1, ఎండ తగ్గాక

వదినా,

నీ మెత్తటి గుడ్డని రెండో రోజే ఎవరో ఎత్తుకుపోయారు. ఇప్పుడు నేను కూర్చుని చెయ్యగలిగిన పని ఏదీ లేదు. ఈ ఉత్తరం కూడా నిలబడే రాస్తున్నాను, ఓ బడి కిటికీ మీద కాగితం పెట్టి.

బయల్దేరినప్పుడు మొత్తం పందొమ్మిది మందిమి. ముందు ఓ బ్యాంకు గుమాస్తా తొక్కుతాడు. నిమిషం తేడా రానివ్వడు కాబట్టి అందరూ అతన్ని గడియారం అంటారు. కెప్టెన్ ముందుండాల్సిన మనిషే కానీ మోకాలు పోయింది. అరవై దాటాయి, ఇదే ఆఖరి యాత్రని మొదటి రోజే చెప్పేశాడు. పొద్దున్నే లేచి అందరి టైర్లూ బొటనవేలితో నొక్కి చూస్తాడు. నా టైరు నొక్కినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు విషయం. తోకగా వచ్చిన లారీ డ్రైవరుకి జ్వరం తగిలి వెనక్కి పంపేశారు. "తోక ఎవరుంటారు?" అని కెప్టెన్ అడిగాడు. ఒక్క చెయ్యి లేవలేదు. నేను లేపాను. నా వంక చాలాసేపు చూశాడు. పనిముట్ల సంచి తెచ్చి తనే నా క్యారియరుకి కట్టాడు. "దీని బరువు నీకు తెలిసే ఉంటుందిలే" అన్నాడు. నేనెవరి చెల్లెలినో పోల్చుకున్నాడా? అన్నయ్య ముక్కే కదా నాదీ.

ఏమైనా వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు.

నీ ఆడపడుచు

(అన్నయ్యతో నడుము నొప్పి తగ్గిందని చెప్పు. పెరిగింది.)

*

మార్చి 6

నా బంగారు మరదలికి,

నీ ఉత్తరం చదివి పట్టరాని సంతోషంతో ఓ పెళ్ళికూతురి జాకెట్టుకి రెండు ఎడమచేతులు కుట్టేశాను. విప్పుతూ కూడా నవ్వుకున్నాను.

ఇక విను. తోక వచ్చిందంటే అందరూ వచ్చినట్టే వాళ్ళకి. మనుషుల్ని లెక్కపెట్టరు. కాబట్టి ఆఖరి రోజున కెప్టెన్ ఎక్కడో ఓ చోట ఆగుతాడు. మోకాలు నొప్పికో, మంచినీళ్ళకో. నువ్వు ఆగొద్దు. దాటి వచ్చెయ్. మలుపు దగ్గర నిన్ను చూడగానే వాళ్ళు బయల్దేరతారు. ఎవరైనా అడిగితే అడ్డదారిన ముందే వెళ్ళాడని చెప్పు. తర్వాత మైకు నీది.

కెప్టెన్ వాళ్ళావిడ ప్రతిసారీ మొదటి వరసలోనే కూర్చుంటుంది. ఆఖరి యాత్ర కాబట్టి ఈసారి కొత్తబట్టలు కూడా కుట్టించుకుంటుంది. ఆవిడ లేచి నీ దగ్గరికే వస్తుంది, "ఆయనేరీ?" అంటుంది. ఏం చెప్పాలో నీకు నేను నేర్పాలా? నవ్వడం మాత్రం మర్చిపోకు. కుట్లన్నిటికీ చివర వేసే ముడి అది.

నేనే వచ్చి కళ్ళారా చూసేదాన్ని. ఆ మైదానంలో మళ్ళీ కాలు పెట్టనని ఆ రోజే ఒట్టేసుకున్నాను.

నీ వదిన

*

మార్చి 13, ఓ గోడౌను మెట్ల మీద

వదినా,

రెండు సంగతులు. ఒకటి నిన్ను మండించేది, ఒకటి నన్ను తినేసేది.

నిన్న ఎత్తు ఎక్కుతున్నప్పుడు కెప్టెన్ దిగి నడవడం మొదలెట్టాడు. తోకని కాబట్టి నేనూ దిగి పక్కనే నడిచాను. కాసేపయ్యాక అడిగాడు: "మీ అన్నయ్య ఎలా ఉన్నాడమ్మా? మాట ఎలా ఉంది?" అంటే నేనెవరో మొదటినుంచీ తెలుసన్నమాట. తెలిసే తోకని చేశాడు. పైగా అన్నయ్య నత్తి గురించి నా మొహం మీదే అడుగుతాడా! "బాగానే ఉంది, మీ దయవల్ల" అన్నాను. తల వంచుకుని నడిచాడు. ఆ సాయంత్రం ఆయన కాఫీలో ఉప్పు కలిపాను. చివరి చుక్కదాకా తాగేశాడు.

రెండోది. ఇవ్వాళ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి చైను తెగింది. సంచి విప్పాను. మూతకి లోపలివైపు ఓ కాగితం అంటించి ఉంది, ఏమేం ఉండాలో వరసగా. అన్నయ్య చేతిరాత, వదినా. ఆ పాత సంచే ఇది. "చైను లింకులు ఆరు, పిన్ను తీసేది ఒకటి" అని మూడో వరసలోనే ఉంది. గడియారం నా పక్కనే నిలబడి చూశాడు, చైను అతికించడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టిందట. నాకే పదకొండు నిమిషాలైతే అన్నయ్యకి ఐదు చాలు. మరి ఆ రోజు సంచి ఆయన దగ్గరే ఉంటే చైను తెగి ఎలా ఆగిపోయాడు? ఇరవై కిలోమీటర్లు ఎందుకు నడిచాడు?

నువ్వే అడుగు. నాకు తేలేదాకా చెయ్యి ఆడటం లేదు.

నీ ఆడపడుచు

*

మార్చి 17

ఆడపడుచు గారికి,

మాట ఎలా ఉందని అడిగాడా! అది చదివి నాకు అన్నం దిగలేదు. అది చదివించిన నువ్వేమో కింద కూర్చుని లింకులు లెక్కపెడుతున్నావు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఇదే. ఆ రోజు లింకులు అయిపోయి ఉంటాయి. ఎవరికో ఇచ్చేసి ఉంటాడు. అడిగితే చొక్కా కూడా విప్పి ఇచ్చే మనిషని నీకు తెలీదా?

నెల రోజులు పక్కన తొక్కేసరికి నీకాయన మీద జాలి పుట్టింది. ఒప్పుకో. ఏరు దాటకముందే తెప్ప తగలేశావు. అంత జాలేస్తే ఆయన మోకాలికి నూనె రాస్తూ అక్కడే ఉండిపో. ఎంతైనా నవ్వింది నా మొహం మీద, నీ మొహం మీద కాదు. వదిన పరువంటే నీకెందుకు?

అడగమన్నావు కాబట్టి అడుగుతాను. జవాబు నాకు ముందే తెలుసు.

వదిన

*

మార్చి 21

వదినా,

నీ ఉత్తరం చదివి గడియారం ముందే ఏడ్చాను. ఎందుకని అడిగితే కంట్లో దుమ్మన్నాను. "ఇరవై నిమిషాలుగా దుమ్మా?" అన్నాడు.

నీ పరువు నాకెందుకా? నువ్వు పెళ్ళయి వచ్చిన మూడో నెల నుంచి నీ పక్కన పడుకుని, నీ ఏడుపు విని పెరిగినదాన్ని నేను. నలభై రోజుల సెలవు ఏళ్ళ తరబడి దాచుకుని ఖర్చు పెట్టింది ఎవరి కోసం?

సరే. చేస్తాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు, నవ్వుతో సహా. ఇక నీ ఉత్తరాలు మాత్రం తీసుకోను. ఒకటి చదివితే కత్తి పట్టుకోవాలనిపిస్తుంది, ఇంకోటి చదివితే నిన్నే పొడవాలనిపిస్తుంది. పని అయ్యాకే పోస్టాఫీసు మొహం చూస్తాను.

నీ పరువు పట్టని ఆడపడుచు

*

మార్చి 24, పది గంటలు. అర్జెంటు

అమ్మడూ,

ఆపు. ఏమీ చెయ్యకు. ముందు ఈ రెండు మాటలూ చదివి, తర్వాత కూర్చుని మిగతాది చదువు. ఈ ఉత్తరం టపా మాత్రమే ఎక్కించుకునే స్పెషల్ బండిలో పంపిస్తున్నాను. రేపు తెల్లారేసరికి ఆఖరి మజిలీ పోస్టాఫీసులో ఉంటుంది. నా కిందటి ఉత్తరానికి నీ జవాబు ఇంకా అందలేదు గానీ, నువ్వు రోజూ పొద్దున్నే వెళ్తావుగా. నేనే బయల్దేరదామంటే రేపు సాయంత్రానికి గానీ చేరను.

నిన్న మీ అన్నయ్య చక్రం సరిచేస్తుంటే అడిగాను. "ఆ రోజు సంచిలో లింకులు లేవా?" దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. చక్రం తిరగడం ఆగిపోయింది. ఆయన మాట తడబడితే అందుకుని నేను పూర్తి చెయ్యడం నాకలవాటు. నిన్న నోరు కట్టేసుకున్నాను. చెప్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

చైను తెగలేదు. తనే పిన్ను తీసేశాడు.

"అందరూ చేరారు" అన్న ఆ రెండు మాటలు ఆయన నోట రావు. ఇంకేదైనా అయితే తిప్పి మార్చి చెప్పుకునేవాడు. దీన్ని మార్చడానికి లేదు. ముప్పైనాలుగు రోజులూ వెనక ఒంటరిగా తొక్కుతూ రోడ్డుకి అదే మాట చెప్పుకున్నాడట. ఒక్కసారి కూడా సాఫీగా రాలేదట. మొదటి వరసలో కొత్త పెళ్ళాం కూర్చుని ఉంటుంది, మైకులో ఆ "అ" దగ్గరే ఆగిపోతే ఊరంతా నవ్వుతారని భయపడ్డాడు. అందుకని ఆగిపోయాడు.

కెప్టెన్ మలుపు నుంచి వెనక్కి వచ్చాడట, అమ్మడూ. ఈయన కోసం అంత దూరమూ తిరిగి తొక్కుకుంటూ వచ్చాడు. ఈయన ఆయన చేతులు పట్టుకుని, "మీరే చె... చెప్పండి, మా ఆవిడకి ఎప్పుడూ చె... చెప్పొద్దు" అని మాట తీసుకున్నాడు. ఆయన మాటిచ్చాడు. ఆ తర్వాత నా ముందు నవ్వాడు. నాకు అనుమానం రాకుండా నవ్వాడు, అంతే. మాట ఎలా ఉందని నిన్నడిగింది కూడా నిజంగా తెలుసుకుందామనే.

పదకొండేళ్ళు ఈ ఇంట్లో కూర్చుని ఆ మనిషిని శాపనార్థాలు పెట్టాను. ఈయన ఎదురుగా కూర్చుని వింటూ అన్నం తిన్నాడు. పెరుగు కూడా అడిగి వేయించుకున్నాడు. ఈయన సంగతి తర్వాత చూస్తాను, తేలిగ్గా వదలను. ముందు నువ్వు ఆపు.

వదిన

*

మార్చి 25, సాయంత్రం

వదినా,

అయిపోయింది. వరసగా రాస్తాను, నువ్వు మళ్ళీ మళ్ళీ చదువుకోవడానికి.

పొద్దున్నే ఆఖరి మజిలీ నుంచి బయల్దేరాం. పోస్టాఫీసు దారిలోనే ఉంది. అప్పుడే తలుపులు తీస్తున్నారు. నీ ఉత్తరం ఉంటుందని తెలుసు. మాట మీద నిలబడి ఆగకుండా వచ్చేశాను.

మలుపు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా కెప్టెన్ వెనక టైరు పంక్చరైంది. మిగతావాళ్ళు ముందెక్కడో ఉన్నారు. ఆయన కల్వర్టు మీద కూర్చుని మోకాలు చాపుకున్నాడు. సంచి కోసం నావైపు చెయ్యి చాపాడు. నేను దాటి వెళ్ళిపోయాను, వదినా. సంచితో సహా. "అమ్మాయ్!" అని ఒకే ఒక్కసారి పిలిచాడు.

మలుపు దగ్గర గడియారం "కెప్టెన్ గారేరీ?" అన్నాడు. అడ్డదారిన ముందే వెళ్ళారన్నాను. తోక మాటకి తిరుగు లేదు కదా. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. ముందు నేను, నా వెనక పదహారు మంది. మైకు దగ్గరికి వెళ్ళి "అందరూ చేరారు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

వాళ్ళావిడ వచ్చింది. నువ్వన్నట్టే కొత్తబట్టలు. చేతిలో తుడుచుకోవడానికి ఓ పొడి తువ్వాలు కూడా తెచ్చింది ఆయన కోసం. "ఆయనేరీ అమ్మా?" అంది. నవ్వాను. "వస్తారులెండి, ఇప్పుడు తోక ఆయనే కదా" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయింది, రాలేదు. మళ్ళీ మొదటి వరసలోకి వెళ్ళి కూర్చుంది. కుర్చీలు మడిచేవాళ్ళు వచ్చి లేవమనేదాకా అలాగే కూర్చుంది.

ఆ తర్వాతే వచ్చాడు కెప్టెన్, బండి నడిపించుకుంటూ. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. చెంప పగలగొడతాడనే అనుకున్నాను, నేను కూడా సిద్ధంగానే ఉన్నాను. "మీ అన్నయ్యకి మాత్రం ఇది చెప్పకమ్మా" అన్నాడు. అంతే. నీ పగ తీరినట్టే, వదినా. సిగ్గుతో చచ్చి అలా అన్నాడు. నాకు హాయిగా ఉంది.

మార్చి 26

ఇవ్వాళ వెనక్కి వెళ్ళి నీ ఉత్తరం తీసుకున్నాను. పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. పైన రాసింది చింపేద్దామనుకున్నాను, చింపలేదు. నేనేం చేశానో, చేసి ఎంత సంబరపడ్డానో నీకు తెలియాలి. ఇందులో సగం నీది.

తిరిగి ఆ ఊరు వెళ్ళే ధైర్యం లేక తిన్నగా రైలెక్కి, లైబ్రరీ ఉన్న ఊళ్ళో నా అద్దె గదికి వచ్చేశాను. ఆయన అన్నయ్యకి చెప్పొద్దన్నది సిగ్గుతో కాదు. అన్నయ్య బాధపడతాడని.

*

ఏప్రిల్ 3

అమ్మడూ,

వెళ్ళొచ్చాం. ఒట్టు తీసి గట్టున పెట్టి ఆ ఊళ్ళో కాలుపెట్టాను. మీ అన్నయ్య రానన్నాడు. "పదకొండేళ్ళ కిందట సైకిలు దిగావు, ఇప్పుడు బస్సు కూడా ఎక్కవా?" అన్నాను. చొక్కా వేసుకున్నాడు.

తలుపు ఆవిడే తీసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఆమెకి నేనెవరిని, ఆ రోజు అడిగి వెళ్ళిపోయిన ఓ పిల్లని. మీ అన్నయ్య "కె... కె..." అని మొదలెట్టాడు. నేను అందించలేదు. వాకిట్లో నిలబడి ఎంతసేపు పట్టిందో అంతసేపూ పట్టనిచ్చాను, ఆయన చెమటలు తుడుచుకుంటున్నా సరే. అది నేను ఆయనకి వేసిన మొదటి శిక్ష. ఇంకా ఉన్నాయి.

"యాత్ర వాళ్ళా?" అంది ఆవిడ. "మోకాలు వాచి మంచం దిగట్లేదు ఆయన. మూడు కిలోమీటర్లు నడిపించింది ఆ తోక పిల్ల. నా మొహం మీద నవ్వింది కూడా. అదెవరని అడిగితే ఈయన గోడకి తిరిగి పడుకుంటారు. చెప్పరు." టేబులు మీద కాగితం తెచ్చి చూపించింది. యాత్రకి వెళ్ళినవాళ్ళ పేర్లు, చిరునామాల జాబితా. తోక వరస ఒక్కటీ ఆయన చింపేశారట. ఒక్కొక్కరికీ ఉత్తరం రాసి అడుగుతోందట. ఆరు పేర్లు కొట్టేసి ఉన్నాయి. "మీకు తెలుసా అదెవరో? ఒక్కసారి నా చేతికి దొరికితే చాలు" అంది.

లోపలి గది తలుపు తెరిచే ఉంది. కెప్టెన్ మంచం మీంచి నన్ను చూశాడు. తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. ఇంకో పదకొండేళ్ళు మొయ్యడానికి కూడా ఆ మనిషి సిద్ధంగానే ఉన్నాడు.

చెప్పకుండా రావచ్చు. ఆవిడ కళ్ళు చూశాక కాలు కదల్లేదు. ఆ కళ్ళేసుకుని నేను ఎన్ని జాకెట్లు కుట్టానో నాకు తెలుసు. "ఆ పిల్ల మా ఆడపడుచు. అలా చెయ్యమన్నది నేను. ఆ నవ్వు కూడా నేనే నేర్పాను" అన్నాను.

ఆవిడ మీ అన్నయ్యని చూసి "మీరు లోపలికి వెళ్ళండి" అంది. ఆయన వెళ్ళాడు. నన్ను గుమ్మం బయటే ఉంచి తలుపేసింది. అరుగు లేదు, ఎండలో నిలబడ్డాను. లోపల మీ అన్నయ్య గొంతు వినిపిస్తూనే ఉంది. ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, మొత్తం ఆవిడకి చెప్పాడు. ఒకరు కూడా మధ్యలో అందుకోలేదు. చివర్లో కెప్టెన్ ఏడవడం వినిపించింది, లేక మీ అన్నయ్యో. తలుపు కొట్టి చూడలేదు.

బాగా పొద్దు వాలాక ఆవిడ తలుపు తీసింది. కాగితం, పెన్సిలు నా చేతికిచ్చింది. "మీ ఆయన్ని క్షమించాలో లేదో మా ఆయనే చూసుకుంటారు. నా సంగతి వేరు. ఆ పిల్ల చిరునామా రాయండి" అంది.

రాసిచ్చాను, అమ్మడూ. ఇంటి నంబరుతో సహా. రేపో ఎల్లుండో నీకు ఆవిడ ఉత్తరం వస్తుంది. ఏం రాసినా చివరిదాకా చదువు.

వదిన